షుగర్ ఉన్నవారికి అంత ఆకలి ఎందుకు?

"ఎంత చెప్పినా వినరు సిస్టర్. మేము పడుకున్నాక లేచి జంతికలు తింటున్నారు." ఒక కూతురు తన తండ్రి గురించి నాతో అన్న మాట ఇది. మంచం మీద ఆ పెద్దాయన సిగ్గుతో తల దించుకున్నారు. ఇలాంటి ఫిర్యాదు వార్డులో తరచుగా వింటాను. అందుకే ఆకలి గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆకలి కడుపులో పుడుతుందని మనం అనుకుంటాము. నిజానికి దాన్ని నడిపేది మెదడు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. హార్మోనులు రక్తం ద్వారా దానికి కబురు చేరవేస్తాయి. వాటిలో ముఖ్యమైనవి మూడు.

లెప్టిన్: కొవ్వు కణాల నుండి వస్తుంది. "నిల్వ ఉంది, ఇక చాలు" అని చెబుతుంది. దీనిని 1994లో అమెరికాలో కనుగొన్నారు.

గ్రెలిన్: ఖాళీ కడుపు నుండి వస్తుంది. "తినే వేళయింది" అని చెబుతుంది. దీనిని 1999లో జపాను శాస్త్రవేత్తలు కనుగొన్నారు.

జీఎల్‌పీ-1: ఆహారం పేగులకు చేరగానే వస్తుంది. క్లోమం నుండి ఇన్సులిన్ విడుదలకు సాయపడుతుంది, ఆకలిని తగ్గిస్తుంది.

షుగర్ వ్యాధిలో ఏమి జరుగుతుంది?

బరువు ఎక్కువగా ఉన్నవారిలో లెప్టిన్ ఎక్కువగానే ఉంటుంది. కాని మెదడు ఆ కబురును సరిగా అందుకోదు. తిన్నా తృప్తి కలగదు. బరువు పెరిగేకొద్దీ ఇన్సులిన్ పని మందగించి షుగర్ పెరుగుతుంది.

ఇన్సులిన్ బాగా తగ్గిపోయినవారిలో రక్తంలో చక్కెర ఉన్నా కణాలకు అందదు. కొవ్వు కరిగి లెప్టిన్ పడిపోతుంది. శరీరం పస్తులున్నదనుకొని మెదడు ఆకలిని పెంచుతుంది. కాబట్టి దీన్ని ఒట్టి జిహ్వచాపల్యం అనుకోకండి. తిడితే ఆకలి తగ్గదు, దొంగచాటుగా తినడం మాత్రం పెరుగుతుంది.

ఇంట్లోవారు చేయవలసినవి

1. మందులు, ఇన్సులిన్ వేళ తప్పనివ్వకండి. షుగర్ అదుపులోకి వస్తే ఈ అతి ఆకలి కూడా తగ్గుతుంది.

2. ముందు కూర, పప్పు పెట్టి తరువాత అన్నం వడ్డించండి. నెమ్మదిగా తిననివ్వండి. కడుపు నిండిన సంగతి మెదడుకు తెలియడానికి కొంత సమయం పడుతుంది.

3. రాత్రి బాగా నిద్రపోనివ్వండి. 2004లో వెలువడిన ఒక పరిశోధనలో, ఆరోగ్యవంతులైన యువకులు రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకుంటే లెప్టిన్ తగ్గి, గ్రెలిన్, ఆకలి పెరిగాయి.

4. రోగికి ఒక వంట, మిగతావారికి ఒక వంట వద్దు. అందరూ ఒకటే తినండి. జంతికల డబ్బా ఎదురుగా ఉంచకండి.

5. జీఎల్‌పీ-1 లాగా పనిచేసే ఇంజెక్షన్లు ఇప్పుడు ఉన్నాయి. అవి అందరికీ సరిపడవు. డాక్టరు రాయకుండా వాడకండి.

ముఖ్య హెచ్చరిక

ఉన్నట్టుండి ఆకలి, చెమటలు, వణుకు కలిసి వస్తే షుగర్ పడిపోయి ఉండవచ్చు. స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల తరువాత షుగర్ పరీక్షించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఆ కూతురికీ ఇవే చెప్పాను. "రాత్రి ఆకలేస్తే నన్ను లేపు నాన్నా" అని ఆమె తండ్రితో అన్నది. ఆకలి సంగతి రోగి దాచకుండా చెప్పుకోగలిగితే, మందు మోతాదు, భోజన వేళలు సరిచేయడం మాకు సులువవుతుంది.