32 ఎంబీలో ఎంత పట్టింది? పీఎస్2 గేమ్స్ ఇచ్చిన మజా, మిగిల్చిన నిరాశ

మీ ఫోన్‌లో 8 జీబీ ర్యామ్ ఉందనుకోండి. ప్లేస్టేషన్ 2లో ఉన్న మెయిన్ మెమరీ అందులో 256వ వంతు, అంటే 32 ఎంబీ. గ్రాఫిక్స్ చిప్‌లో ఇంకో 4 ఎంబీ. అంతే. 2000లో జపాన్‌లో రిలీజైన దగ్గర్నుంచి 2013 మొదట్లో తయారీ ఆగేదాకా 15 కోట్లకు పైగా అమ్ముడైన మెషీన్ ఇది.

టాప్ 10 లిస్టు కావాలంటే యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి, ఇక్కడ దొరకదు. ఒకే మెషీన్ మీద, ఒకే మెమరీతో, కొన్ని గేమ్స్ ఎవరూ ఊహించనంత బాగా ఎలా వచ్చాయి, భారీ హైప్‌తో వచ్చినవి ఎందుకు తుస్సుమన్నాయి అన్నదే మన టాపిక్. హైదరాబాద్‌లో తయారైన రెండు పీఎస్2 గేమ్స్ కూడా ఇందులో వస్తాయి. వాటి విషయంలో నా అభిప్రాయం చాలాకాలం తప్పుగానే ఉండేది.

ముందు ఒక లెక్క

పీఎస్2 డీవీడీ డ్రైవ్ సెకనుకు దాదాపు 5.3 ఎంబీ చదువుతుంది. 32 ఎంబీ నింపాలంటే 6 సెకన్లు పడుతుంది. అదీ డేటా డిస్క్ మీద వరసగా ఉంటేనే. చెల్లాచెదురుగా ఉంటే లెన్స్ అటూ ఇటూ పరిగెత్తాలి, ఇంకా లేటు. ఇప్పటి పీఎస్5లో ఎస్ఎస్‌డీ స్పీడు సెకనుకు 5.5 జీబీ, అంటే దాదాపు వెయ్యి రెట్లు. కాబట్టి పీఎస్2 డెవలపర్‌కి రోజూ ఒకటే తలనొప్పి: ఇప్పుడు మెమరీలో ఏం ఉండాలి, ఇంకో 5 సెకన్లలో ఏం కావాలి? ఈ లెక్క తెలిసినవాళ్ల గేమ్స్ నిలబడ్డాయి.

జీటీఏ వైస్ సిటీ (2002) ఆడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఒక దీవి నుంచి ఇంకో దీవికి బ్రిడ్జి దాటుతుంటే లోడింగ్ స్క్రీన్ వచ్చేది. రెండేళ్ల తర్వాత, అదే మెషీన్ మీద, శాన్ ఆండ్రియాస్ (2004)లో లాస్ శాంటోస్ నుంచి లాస్ వెంచురాస్ దాకా మూడు సిటీలు, మధ్యలో పల్లెలు, ఎడారి, కొండ. రోడ్డు మీద ఎంత దూరం వెళ్లినా లోడింగ్ లేదు. మీరు బండి తోలుతుంటే వెనక ఉన్న ఊరు మెమరీలోంచి పోతుంది, ముందున్న ఊరు డిస్క్ నుంచి వస్తుంది. ఆ పని కనిపించకుండా కప్పింది పొగమంచు. దూరంగా ఉన్నది గీయడానికి మెమరీ లేదు కాబట్టి దూరాన్నే మసకగా చేసేశారు.

మా చీమకుర్తి నుంచి ఒంగోలు రోడ్డు మీద గ్రానైట్ లారీ వెనక బైక్ నడిపితే ఈ ట్రిక్ ఇట్టే అర్థమవుతుంది. దుమ్ములో ముందు 50 అడుగులే కనపడతాయి. అప్పుడు ఒంగోలు ఎంతో దూరంగా అనిపిస్తుంది. వాన పడి దుమ్ము అణిగిన రోజున అదే రోడ్డు చిన్నదైపోతుంది.

సరిగ్గా ఇదే 2021 నవంబర్‌లో జరిగింది. ఆ మూడు జీటీఏలని అన్‌రియల్ ఇంజిన్ మీదకి మార్చి డెఫినిటివ్ ఎడిషన్ తెచ్చారు. హార్డ్‌వేర్‌కి లోటు లేదు కదా అని మసక తీసేశారు. మౌంట్ చిలియడ్ ఎక్కి చూస్తే మొత్తం మ్యాప్ అరచేతిలో ఉన్నట్టు కనిపించింది. ఇంత చిన్నదా అని జనం ముక్కున వేలేసుకున్నారు. రాక్‌స్టార్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది (కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, వాన అయితే మరీ ఘోరం). పాత లుక్‌కి దగ్గరగా ఉండే క్లాసిక్ లైటింగ్ కన్సోళ్లకి, పీసీకి 2024 నవంబర్‌లో వచ్చింది. ఆ మసక గేమ్‌లో భాగమని ఒప్పుకోవడానికి మూడేళ్లు పట్టింది.

షాడో ఆఫ్ ది కొలోసస్ (2005) అయితే ఇంకో రూటు పట్టింది. గేమ్ మొత్తంలో శత్రువులు 16 మంది, అందరూ కొండంత రాక్షసులు. మధ్యలో చిన్నాచితకా ఎవరూ లేరు, ఖాళీ మైదానాలు, ఒక గుర్రం. పేపర్ మీద రాస్తే బోరు కొట్టే ఐడియా. కానీ మెమరీ, ప్రాసెసర్ మొత్తం ఒక్క రాక్షసుడి మీదే ఖర్చుపెట్టడం వల్ల వాడి ఒంటి మీద బొచ్చు పట్టుకుని ఎక్కడం సాధ్యమైంది. ఫ్రేమ్ రేట్ చాలాచోట్ల దారుణంగా పడిపోతుంది, అందులో డౌట్ లేదు. అయినా నా లెక్కలో ఆ తరం మొత్తానికి ఇదే పెద్ద సర్‌ప్రైజ్.

తప్పు గేమ్‌దా, డిస్క్‌దా?

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. చిన్నప్పుడు మేం పీఎస్2 ఆడింది గంటకి 10 రూపాయలు తీసుకునే షాపులో. కరెంటు పోతే గేమ్ మొదటికి, ఎందుకంటే మెమరీ కార్డు షాపువాడి దగ్గర ఒకటే, అది ఎప్పుడూ ఫుల్. అక్కడ గాడ్ ఆఫ్ వార్ 2 ఆడి, వీడియోలు ఆగిపోతున్నాయి, సౌండ్ రావట్లేదు, వేస్ట్ గేమ్ అని తేల్చేశాం. అసలు విషయం ఇంజినీరింగ్‌కి వచ్చాక గానీ తెలియలేదు. ఒరిజినల్ గేమ్ 8.5 జీబీ పట్టే డబుల్ లేయర్ డీవీడీ మీద వచ్చింది. మా షాపులో ఉన్నది దాన్ని 4.7 జీబీకి కుదించిన పైరసీ కాపీ. మేం తిట్టింది గేమ్‌ని కాదు, ఎవరో కోసేసిన డిస్క్‌ని. మన ఊళ్లలో ఆ తరం గేమ్స్ మీద ఉన్న అభిప్రాయాల్లో సగం ఇలాంటి డిస్కుల మీద పుట్టినవే అని నా అనుమానం.

అసలు ఆ గేమ్ 2007 మార్చిలో వచ్చింది. పీఎస్3 అప్పటికే బయట దేశాల్లో మార్కెట్లో ఉంది, వచ్చే నెలలో మన దేశంలోకి 39,990 రూపాయలకు దిగబోతోంది. అలాంటి టైంలో పాత మెషీన్ మీద వచ్చిన గేమ్ అది.

క్రికెట్ 07 సంగతి వేరే. కుడి అనలాగ్ స్టిక్‌తో షాట్ కొట్టే సెంచురీ స్టిక్ కొత్తగా వచ్చింది, అది నిజంగా పండింది. నిరాశ మాత్రం టీమ్ సెలెక్షన్ స్క్రీన్ మీదే. పూర్తి లైసెన్స్ ఆస్ట్రేలియా, ఇంగ్లండ్‌లకే ఉంది, మనవాళ్లకి అల్లిన పేర్లు. సచిన్ పేరు లేని ఇండియా టీమ్! దీనికి మెమరీ కారణం కాదు, లైసెన్స్ కాగితాలు. ఆ తర్వాత ఈఏ నుంచి పీఎస్3కి క్రికెట్ గేమ్ రానే లేదు.

మొదటి ప్రయత్నం, మూడో ప్రయత్నం

ఇప్పుడు ఒక ప్యాటర్న్ చూడండి. శాన్ ఆండ్రియాస్ టీమ్‌కి అదే రెండర్‌వేర్ ఇంజిన్ మీద అది మూడో పెద్ద జీటీఏ. షాడో ఆఫ్ ది కొలోసస్ చేసినవాళ్లు అంతకుముందు 2001లో పీఎస్2 మీదే ఐకో చేశారు. మరి మొదటి గాడ్ ఆఫ్ వార్ (2005) ఫస్ట్ షాట్‌లోనే హిట్ కదా అంటారేమో. దాని వెనక కూడా కైనెటికా అనే 2001 నాటి రేసింగ్ గేమ్ ఉంది. అదే స్టూడియో, అదే మెషీన్, ఆ గేమ్ కోసం రాసుకున్న ఇంజిన్. కైనెటికా పేరు ఎంతమందికి తెలుసు?

దీనికి ఎదురు ఉదాహరణ టూంబ్ రైడర్: ఏంజెల్ ఆఫ్ డార్క్‌నెస్ (2003). కోర్ డిజైన్ స్టూడియో పాత ప్లేస్టేషన్ మీద ఐదు టూంబ్ రైడర్లు తీసింది. పీఎస్2 కోసం అన్నీ కొత్తగా మొదలుపెట్టింది. వాయిదాల మీద వాయిదాలు పడి, పూర్తికాకుండానే బయటకొచ్చినట్టు ఉండే గేమ్ అది. లారా నడక మొదలుపెట్టడానికే టైం తీసుకుంటుంది. ఆ దెబ్బతో సిరీస్ మొత్తం క్రిస్టల్ డైనమిక్స్ చేతికి వెళ్లిపోయింది. కోర్‌కి రెండో ఛాన్స్ దొరకలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌కి వద్దాం. 2009లో సోనీ విడుదల చేసిన హనుమాన్: బాయ్ వారియర్‌ని తయారుచేసింది అక్కడి ఆరోనా టెక్నాలజీస్. మొత్తం మన దేశంలోనే తయారైన మొదటి పీఎస్2 గేమ్‌గా దాన్ని ప్రచారం చేశారు. మనవాళ్ల గేమ్, మనకి తెలిసిన కథ, ఇంతకంటే హైప్ ఏం కావాలి? రివ్యూలు మాత్రం ఉతికి ఆరేశాయి. దేవుణ్ణి ఆటగాడి చేతిలో కీలుబొమ్మని చేశారంటూ అమెరికా నుంచి రాజన్ జెడ్ అభ్యంతరం చెప్పారు, అదొక గొడవ. నేనూ చాలాకాలం ఆ గేమ్ పేరు ఎత్తితే నవ్వినవాణ్ణే.

ఇప్పుడు కోడ్ రాసి బతుకుతున్నాను కాబట్టి ఇంకోలా కనిపిస్తోంది. ఆ టీమ్‌ని జనం పోల్చింది ఎవరితో? అప్పటికే రెండేళ్ల క్రితం వచ్చిన గాడ్ ఆఫ్ వార్ 2తో. అటువైపు ఏళ్ల తరబడి అదే మెషీన్‌తో కుస్తీ పట్టిన ఇంజిన్, టూల్స్. ఇటువైపు చుట్టుపక్కల అడిగి తెలుసుకోవడానికి కూడా ఎవరూ లేని పరిస్థితి. పోలిక న్యాయమా అంటే, కొన్నవాడి వైపు నుంచి న్యాయమే. డబ్బు డబ్బే, అందుకని ఆ రివ్యూలు తప్పని నేను అనను. బాధ ఎక్కడంటే, ఐకోకి కొలోసస్ వచ్చినట్టు, కైనెటికాకి గాడ్ ఆఫ్ వార్ వచ్చినట్టు, ఆ హనుమంతుడికి వెనకే ఇంకోటి రాలేదు.

అదే ఏడాది హైదరాబాద్‌లోనే గేమ్‌శాస్త్ర చేసిన దేశీ అడ్డా వచ్చింది. కబడ్డీ, గాలిపటాలు, బిళ్లంగోడు లాంటి చిన్న చిన్న ఆటలు. క్రేటోస్‌తో పోటీపడే ఉద్దేశమే లేని గేమ్. గ్రాఫిక్స్ సాదాసీదా. కానీ బిళ్లంగోడుకి అవసరమైనంత మెమరీ 32 ఎంబీలో హాయిగా ఉంది! దాన్ని గొప్ప గేమ్ అనను. తన చేతిలో ఉన్నదెంతో తెలిసిన గేమ్ అంటాను. ఆ స్టూడియో తర్వాత షారుఖ్ డాన్ 2 మీద కూడా గేమ్ చేసింది.

మీరే చెక్ చేసుకోవాలంటే పీఎస్2 అక్కర్లేదు. ఫోన్‌లో శాన్ ఆండ్రియాస్ పాత మొబైల్ వెర్షన్ (2013) ఉంటే చాలు. మౌంట్ చిలియడ్ ఎక్కండి. సెట్టింగ్స్‌లో డ్రా డిస్టెన్స్ పూర్తిగా తగ్గించి ఒకసారి, పూర్తిగా పెంచి ఒకసారి చుట్టూ చూడండి. ఏ సెట్టింగ్‌లో ఆ రాష్ట్రం పెద్దగా అనిపించిందో కామెంట్‌లో చెప్పండి.