ఇప్ప, కానుగ, వేప పలుకులు: నూనెల గుణములు, చెక్కల వాడుక

ఖమ్మము, భద్రాచలముల నడిమి అడవియంచు గ్రామములలో ఇప్ప, కానుగ, వేప చెట్లు విత్తకయే పెరిగి ఫలించును. మూటి పలుకులలోను నూనె కలదు. కాని మూటి గుణము లొక్కటి కావు. భేద మెరుగక వాడినచో నష్టమేగాక అపాయమును కలుగును.

1. ఇప్ప

ఇప్పపప్పు బరువులో ఇంచుమించు సగము నూనెయే. అందు ఒలియిక్ ఆమ్లము అధికము. పామిటిక్, స్టియరిక్ ఆమ్లములు రెండును కలిసి నూటికి 40 పాళ్ళ వరకు నుండుటచే ఈ నూనె చలికాలమున నేతివలె పేరుకొనును. కోయవారు దీనిని వంటకును, దీపమునకును వాడుచుందురు.

కాయలు తొలకరి వానలతోడనే పండును గనుక పలుకులకు చెమ్మ తగులును. చెమ్మచే కొవ్వు విడివడి ఆమ్లములు పుట్టి, నూనె కారెక్కును, ధరయు తగ్గును. కావున పలుకులను ఏరిన దినముననే కడిగి, ఎండ కాసినప్పుడెల్ల పలుచగా ఆరబోసి, గలగలలాడునట్లు ఎండిన పిదపనే నిలువ చేయవలెను.

నూనె తీసిన చెక్కలో సపోనిను అను విషము మిగులును. అది నీటిలో నురుగు గట్టి చేపల మొప్పలను చెరచి, రక్తకణములను పగులగొట్టును. చేపలచెరువులలో పనికిరాని చేపలను తొలగించుటకు దీనిని వాడుట ఇందువలననే. అట్టి నీటిలో విషము రెండు మూడు వారములు నిలుచును. కావున ఈ చెక్కను వాగులలో కడుగరాదు, పశువులకు పెట్టరాదు. ఊరివారు పట్టుకొని తిను చేపలు ఆ వాగులోనివే కదా! ఎరువుగా వేయువారు విత్తుటకు కొన్ని వారముల ముందే దుక్కిలో కలుపవలెను.

2. కానుగ

ఈ నూనె చేదు, తినదగదు. దీపమునకును, సబ్బునకును తగును. ఇందలి కరంజిను భూమిలోని నత్రజని త్వరగా మార్పుచెంది నీటితో కొట్టుకొనిపోవుటను తగ్గించును. అందుచే కానుగచెక్క వరిమడులకు మంచి ఎరువు.

3. వేప

వేపపప్పునందలి అజాడిరాక్టిను 1968లో వేరుచేయబడినది. దీనివలన పురుగు వెంటనే చావదు; ఆకు మేయుట మాని, కుబుసము విడువలేక నశించును. వేపనూనెయు నత్రజనిని కాపాడును గనుక, దేశమున తయారగు యూరియాకంతకు వేపనూనె పూత 2015లో విధింపబడినది.

కషాయము చేయు విధము: నీడను ఆరిన వేపపప్పు 5 కిలోలు దంచి, 10 లీటర్ల నీటిలో రాత్రి నానవేయవలెను. మరునాడు గుడ్డతో వడగట్టి, 200 గ్రాముల సబ్బు కరగించి కలిపి, 100 లీటర్లు చేసి, ఆనాటి సాయంకాలమే చల్లవలెను. ఎండ తగిలినచో దీని శక్తి క్షీణించును.

పలుకులు ఏటేట వచ్చును. నరికిన చెట్టు మరల ఫలించుటకు ఏండ్లు పట్టును. కావున రాలిన పలుకులనే ఏరుకొని, కొమ్మలు నరుకక చెట్లను కాపాడుకొనుట కృషీవలులకు లాభకరము.