సైకిల్ కారు మీదా, కారు వెనకా? సందేహాలు – సమాధానాలు

ఎండలు ముదిరి బడులకు సెలవులిచ్చే వేళకి సైకిళ్లను కారుకు కట్టుకుని బయల్దేరేవాళ్ల ఉత్తరాలు పెరుగుతాయి. అన్నిటిలోనూ అసలు ప్రశ్న ఒక్కటే: టాపు మీద రూఫ్ రాక్ బిగించాలా, వెనక బంపర్ కింద హిచ్ (రాక్‌ను దూర్చే చదరపు గొట్టం) పెట్టించి దానికి రాక్ తగిలించాలా? ఏది మంచిదో తేల్చేముందు మూడు సంగతులు చూసుకోమంటాను. కారు ఎంత మోయగలదు, సైకిల్ ఎంత బరువు, దాన్ని ఎత్తేది ఎవరు.

ప్రశ్న: మాకు ఎస్‌యూవీ ఉంది. మావీ పిల్లలవీ కలిపి నాలుగు సైకిళ్లు. మావారు రూఫ్ రాక్ అంటున్నారు, స్నేహితురాలు హిచ్చే మేలంటోంది. ఏదో ఒకటి కొనేశాక హైవే మీద సైకిళ్లు ఊడిపడితే ఎలాగని నిద్ర పట్టడం లేదు.
— ఓ పాఠకురాలు, ఆష్‌బర్న్, వర్జీనియా

సమాధానం: నిశ్చింతగా ఉండండమ్మా. మీ కారుకు తగినది కొని సరిగ్గా బిగిస్తే రెండూ సైకిల్‌ను వదలవు. కాకపోతే ఎస్‌యూవీ టాపు మీదికి నాలుగు సైకిళ్లు ఎత్తడం, మళ్లీ దించడం పెద్ద పని, అందుకని మీకు హిచ్ సుఖం. నాలుగింటిని మోసే రాక్‌కు సాధారణంగా 2 అంగుళాల గొట్టం కావాలి. ముందు మీ వెనక బంపర్ కిందికి వంగి చూడండి, ఆ చదరపు గొట్టం ఇప్పటికే ఉండొచ్చు. ఈలోగా పిల్లల్ని ఆపకండి: 45 మైళ్ల డబ్ల్యూ అండ్ ఓడీ సైకిల్ బాట మీ ఊరి మీదుగానే పోతుంది, దానికి ఏ రాకూ అక్కర్లేదు.

ప్రశ్న: మాది చిన్న సెడాన్. హిచ్ లేదు. పెట్టించాలంటే కారు కోస్తారని, వారంటీ పోతుందని ఆఫీసులో భయపెట్టారు. నిజమేనా?
— ఓ పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

సమాధానం: మీవాళ్లు చెప్పినంత ఘోరమేమీ జరగదు. చాలా కార్లకు అడుగున కంపెనీ వదిలిన రంధ్రాల్లోనే బోల్టులు పడతాయి. కొన్నిటికి మాత్రం బంపర్ కింది ప్లాస్టిక్‌ను కొంచెం కోయాలి, లేదా ఒక రంధ్రం పెద్దది చేయాలి. మీ మోడల్‌కు ఏం చేస్తారో పని మొదలుపెట్టకముందే అడగండి. హిచ్ పెట్టించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు చేయడానికి 1975 నాటి మాగ్నసన్–మాస్ చట్టం ఒప్పుకోదు. లీజు కారైతే మాత్రం ముందు వాళ్ల అనుమతి తీసుకోండి. చిన్న కార్లకు వచ్చే 1.25 అంగుళాల క్లాస్ 1 హిచ్ మీద మామూలుగా 200 పౌండ్ల దాకా బరువు మోపవచ్చు. 50 పౌండ్ల రాక్, చెరో 30 పౌండ్ల రెండు సైకిళ్లు కలిపితే 110 అవుతుంది. కారు పుస్తకంలో ఇంతకన్నా తక్కువ రాసి ఉంటే ఆ అంకెకే కట్టుబడండి.

ప్రశ్న: కొత్త హిచ్ రాక్‌తో మొదటిసారి వెళ్లాం. అద్దంలో చూస్తే సైకిళ్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. గుండె ఆగినంత పనై పక్కన ఆపేశాను. ఆ తర్వాత మళ్లీ రాక్ పెట్టలేదు.
— ఓ పాఠకురాలు, షార్లెట్, నార్త్ కరోలినా

సమాధానం: ఆపి చూడటం మంచి పనే. అయితే కొంత ఊపు సహజం. పొడవాటి నిచ్చెన భుజాన పెట్టుకుంటే చివర ఊగినట్టే, గొట్టం దగ్గర వెంట్రుకవాసి సందు ఉన్నా సైకిల్ చివర అది పెద్దగా కనిపిస్తుంది. బయల్దేరేముందు రాక్ చివర పట్టుకుని గట్టిగా ఊపండి. రాక్‌తోపాటు కారు కూడా కదిలితే బిగింపు బాగున్నట్టు. కారు కదలకుండా రాక్ ఒక్కటే టకటకలాడితే ఊపు తగ్గించే బోల్టు వదులైందన్నమాట, పానాతో బిగించండి. భయపడాల్సింది మూడింటికే: రాక్‌ను గొట్టంలో నిలిపే హిచ్ పిన్ లేకపోవడం, దాని చివరి క్లిప్ ఊడిపోవడం, చక్రం మీది పట్టీ జారడం.

ప్రశ్న: రూఫ్ రాక్ మీద సైకిల్ ఉన్న సంగతి మరిచిపోయి మావారు రాత్రి గ్యారేజ్‌లోకి తోలేశారు. పెద్ద చప్పుడైంది. సైకిల్ పైకి బాగానే ఉంది. వాడొచ్చా?
— పేరు రాయని పాఠకురాలు, నేపర్‌విల్, ఇల్లినాయ్

సమాధానం: ఆయన్ని ఏమీ అనకండి, రూఫ్ రాక్ ఉన్న ఇళ్లలో ఇది తరచూ వినే కథే. గ్యారేజ్ తలుపు సాధారణంగా 7 అడుగులే, ఎస్‌యూవీ మీద నిలబెట్టిన సైకిల్ 9 అడుగులు దాటుతుంది. సైకిల్‌ను ఇప్పుడే తొక్కొద్దు. ఫ్రేమ్, ఫోర్క్, హ్యాండిల్ షాపులో చూపించండి, కార్బన్ అయితే పగులు లోపల ఉండి పైకి కనబడకపోవచ్చు. కారు టాపు మీద రాక్ కాళ్లు ఆనే చోట సొట్ట ఉందా, వాన పడితే లోపల చెమ్మ వస్తోందా చూసుకోండి. ఇకమీదట సైకిల్ పైకెక్కిన రోజున గ్యారేజ్ రిమోట్‌ను డిక్కీలో పడేయండి, దాని కోసం దిగాల్సి వస్తే టాపు గుర్తొస్తుంది.

ప్రశ్న: అమ్మానాన్నలు మాతో ఉంటారని రెండు ఈ–బైకులు కొన్నాం. ఒక్కోటి 65 పౌండ్లు. కారు టాపు 165 పౌండ్లు మోస్తుందని పుస్తకంలో ఉంది. లెక్క సరిపోయినట్టేనా?
— ఓ పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

సమాధానం: మీ లెక్కలో తప్పు లేదుగానీ అది సగం లెక్కే. ఆ 165లో అడ్డకమ్మీల బరువు, రాక్ బరువు కూడా కలుస్తాయి. పైగా టాపు మీద ఒక్కో సైకిల్ ట్రేకు విడిగా హద్దు ఉంటుంది, చాలావాటికి అది 35–40 పౌండ్లే. కాబట్టి మీవాటిని పైకెత్తొద్దు. ఈ–బైకులకని రాసి ఉన్న హిచ్ రాక్ తీసుకోండి, ఒక్కో సైకిల్‌కు ఎంత హద్దో చూసి, వీలైతే తోసుకుని ఎక్కించే ర్యాంప్ ఉన్నది ఎంచుకోండి. బ్యాటరీలు తీసి కారు లోపల పెడితే బరువూ తగ్గుతుంది, వానకూ తడవవు.

ప్రశ్న: డెట్రాయిట్ దగ్గర ఉంటాం. సైకిళ్లు టాపు మీద కట్టుకుని మాకినా దీవికి వెళ్లాలని ఉంది. ఆ పెద్ద వంతెన మీద గాలికి కారు ఊగుతుందని విన్నాం. వెళ్లాలా, మానాలా?
— ఓ కుటుంబం, ట్రాయ్, మిషిగన్

సమాధానం: తప్పక వెళ్లండి. మీరు దక్షిణం నుంచి వస్తారు కాబట్టి వంతెన ఎక్కాల్సిన పనే లేదు, దానికి ఇవతలే ఉన్న మాకినా సిటీలో పడవ ఎక్కవచ్చు. దీవిలో 1898 నుంచీ మోటారు వాహనాలకు నిషేధం. కారు ఒడ్డున వదిలి సైకిళ్లను పడవలో తీసుకెళ్తారు, దీవి చుట్టూ దారి 8 మైళ్ల పైచిలుకు. దారిలో అడ్డగాలి తగిలి స్టీరింగ్ కొంచెం లాగడం మామూలే, వేగం తగ్గిస్తే సర్దుకుంటుంది. పట్టుకున్నా కారు లేన్ దాటుతుంటే మాత్రం ఆగి, గాలి తగ్గాక కదలండి.

ప్రశ్న: రూఫ్ రాక్ పెట్టినప్పటి నుంచి 50 మైళ్లు దాటితే ఈల వేసినట్టు చప్పుడు. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతోంది. ఏదైనా పాడైందా?
— ఓ పాఠకుడు, సియాటిల్

సమాధానం: పాడవలేదు, అది గాలి చప్పుడు. ముందు కమ్మీకి గాలిని మళ్లించే పలక తగిలిస్తే బాగా తగ్గుతుంది. పెట్రోలు సంగతీ నిజమే: 65–75 మైళ్ల వేగంలో టాపు మీది పెద్ద సామాను పెట్టెకు 10–25 శాతం మైలేజీ పోతుందని, అదే పెట్టె వెనక ఉంటే హైవే మీద 1–5 శాతమేనని అమెరికా ఇంధన శాఖ లెక్క. సైకిల్‌కు అంకెలు వేరైనా తీరు అదే, వాడని నెలల్లో రాక్ విప్పేయండి. ఈల ఆగి కొత్తగా ‘టక్ టక్’ మొదలైతే అప్పుడు మాత్రం వెంటనే ఆపి నట్లు చూడండి.

ప్రశ్న: హిచ్ రాక్ వల్ల నంబర్ ప్లేటు కనబడటం లేదు. రివర్స్ వేస్తే కారు కుయ్యోమంటూ తనంతట తానే బ్రేకు వేస్తోంది. పోలీసులు పట్టుకుంటారేమో, కారు చెడిపోయిందేమో అని రెండు భయాలు.
— ఓ పాఠకురాలు, శాన్ హోసే, కాలిఫోర్నియా

సమాధానం: రెండో భయం వదిలేయండి. వెనక సెన్సార్లు రాక్‌ను గోడ అనుకుంటున్నాయి, అంతే. చాలా కార్లలో హెచ్చరికనూ ఆ బ్రేకునూ తాత్కాలికంగా ఆపే బటనో సెట్టింగో ఉంటుంది. అవి ఆపేశాక రివర్స్‌లో ఒకరు కిందికి దిగి దారి చూపడం మేలు. మొదటి భయం సబబైనదే: ప్లేటు స్పష్టంగా కనబడాలని మీ రాష్ట్ర చట్టం, టోల్ కెమెరాలకూ అదే కావాలి. రాక్ చివరికి ప్లేటును జరిపే బ్రాకెట్లు, చిన్న లైటుతో సహా, దొరుకుతాయి. అది మీ రాష్ట్రంలో చెల్లుతుందో వాహనాల శాఖ డీఎంవీలో ఒక మాట అడగండి. సైకిళ్లు లేని రోజుల్లో మడిచిపెట్టిన రాక్ కూడా ప్లేటును కప్పేస్తుంది, విప్పి గ్యారేజ్‌లో పెట్టండి.

ప్రశ్న: కార్బన్ సైకిల్ కొనుక్కున్నాను. రాక్ కొక్కెం బిగిస్తే ఫ్రేమ్ పగులుతుందని ఒకరు, వెనక పెడితే సైలెన్సర్ వేడికి టైరు కరుగుతుందని ఒకరు. ఇంతకీ ఎక్కడ పెట్టాలి?
— ఓ పాఠకుడు, ఆస్టిన్, టెక్సాస్

సమాధానం: ఇద్దరి మాటలోనూ నిజముంది, రెండిటికీ ఉపాయముంది. ఫ్రేమ్‌ను పట్టే రాక్ వద్దు. చక్రాలను మాత్రమే పట్టేది తీసుకుంటే పైనైనా వెనకైనా కార్బన్‌కు భయం లేదు. ముందు చక్రం విప్పి ఫోర్క్‌ను బిగించే రూఫ్ రాక్ కూడా మంచిదే, ఇరుసు కొలత సరిపోవాలి. డిస్క్ బ్రేకులైతే చక్రం తీశాక లివర్ నొక్కొద్దు, ప్యాడ్‌ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టండి. వెనక పెట్టినప్పుడు పొగగొట్టానికి సూటిగా చక్రం రాకుండా సైకిల్‌ను జరపండి, లేదా తిప్పి పెట్టండి. పది మైళ్ల తర్వాత ఆపి చూడండి: టైరు గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉన్నా, రబ్బరు వాసన వచ్చినా అక్కడ పెట్టొద్దు.

ప్రశ్న: ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్‌కు కార్లో సైకిల్ తీసుకెళ్దామంటే మా హ్యాచ్‌బ్యాక్‌కు హిచ్ ఎక్కడా దొరకలేదు. డిక్కీకి పట్టీలతో కట్టే రాక్ కొన్నాను. పెయింట్ పోతుందేమో, ఊడుతుందేమో.
— ఓ పాఠకుడు, మియాపూర్, హైదరాబాద్

సమాధానం: హిచ్ దొరకలేదని దిగులు పడకండి. మనదగ్గర కార్లకు అది అరుదు, ఎక్కువమంది పట్టీల రాకో, టాపు క్యారియరో వాడతారు. పెయింట్ గీసేది రాక్ కాదు, దాని మెత్తలకీ డిక్కీకీ మధ్య ఇరుక్కున్న దుమ్ము. కట్టేముందు తడిగుడ్డతో రెండూ తుడవండి. కొక్కేలు ఇనుప అంచుకే తగలాలి, గాజుకీ ప్లాస్టిక్ స్పాయిలర్‌కీ వద్దు. నంబర్ ప్లేటు, వెనక లైట్లు కనబడేలా చూసుకోండి. మొదటి స్పీడ్ బ్రేకర్ దాటాక ఒకసారి ఆగి పట్టీలు లాగండి, కొంచెం వదులవడం మామూలే, అక్కడ బిగిస్తే నిలుస్తాయి. టాపు క్యారియర్‌కు మారాలనుకుంటే ముందు మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దూలం ఎత్తు కొలవండి. సైకిల్ ఒక్కటే అయితే ముందు చక్రం విప్పి, వెనక సీటు మడిచి లోపలే పెట్టేసుకోవచ్చు. 2023 అక్టోబరులో తెరిచిన ఆ 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్‌కు చాలామంది అలాగే వస్తారు.

ప్రశ్న: విశాఖ నుంచి అరకుకు వెళ్లేటప్పుడు టాపు క్యారియర్ మీద రెండు సైకిళ్లు పడుకోబెట్టి నైలాన్ తాడుతో కడతాం. ఘాట్ మలుపుల్లో జారతాయేమోనని మా ఆవిడ భయం.
— ఓ పాఠకుడు, గాజువాక

సమాధానం: ఆవిడ భయంలో అర్థముంది, దాన్ని తీర్చడం కష్టం కాదు. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, ముడి వదులవుతుంది. దానికి బదులు బకిల్‌తో బిగించే వెడల్పు పట్టీలు వాడి, ఒక్కో సైకిల్‌ను ముందూ వెనకా రెండుచోట్ల విడివిడిగా కట్టండి. పడుకోబెడితే పెడల్స్ టాపును పొడుస్తాయి కాబట్టి విప్పేయండి, గేర్ల వైపు పైకి ఉంచండి. ఘాట్ మొదలయ్యేచోట ఒకసారి ఆగి చూసుకోండి. పట్టీ కొస రెపరెపలాడితే కంగారు లేదు, మడిచి కట్టేయండి. సైకిల్ పక్కకు జరిగి ఉంటే మాత్రం మొత్తం విప్పి మళ్లీ కట్టాలి.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు, 5 అడుగుల ఎత్తు. ఒక్కదాన్నే కాలువ గట్టు మీద తొక్కుకోవడానికి వెళ్తుంటాను. పిల్లలు రూఫ్ రాక్ బహుమతిగా ఇస్తామంటున్నారు. ఎత్తలేనని చెప్పడానికి మొహమాటం.
— ఓ పాఠకురాలు, ప్రిన్స్‌టన్, న్యూజెర్సీ

సమాధానం: మొహమాటపడకండి, ఎత్తలేకపోవడం తప్పు కాదు. సైకిల్‌ను తలపైకెత్తి మునివేళ్ల మీద నిలబడితే ఎవరికైనా నడుం పట్టేస్తుంది. మీకు మోకాలి ఎత్తులో ఉండే హిచ్ రాక్ నప్పుతుంది: ముందు చక్రం పెట్టి, తర్వాత వెనక చక్రం ఎత్తితే సరి, మొత్తం బరువు ఒక్కసారి మీద పడదు. కండరాలు కాస్త నొప్పెట్టడం సహజమే, నడుంనుంచి కాలికి గుంజితే మాత్రం ఆ పని ఆపి డాక్టరుకు చూపించుకోండి. పిల్లల్ని వెంటబెట్టుకుని, మీ సైకిల్‌తో సహా షాపుకు వెళ్లండి. అమ్మే అబ్బాయి చేత కాకుండా మీరే స్వయంగా ఎక్కించి దించి చూడండి, ఆయాసపడకుండా రెండుసార్లు చేయగలిగినదే కొనిపించుకోండి.