నడవమన్నారు, ఎక్కడ?

డాక్టరు ‘నడవండి’ అని చీటీ మీద రాసిచ్చాక ఏం చేయాలో తోచక రాసిన ఉత్తరాలే ఈ నెల ఎక్కువ. వాటిలో ముస్లిం ఇళ్ళ నుంచీ, పరాయి దేశం నుంచీ వచ్చినవి ముందు తీశాను.

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. షుగర్ వచ్చి రెండేళ్ళయింది. రోజూ ముప్పావుగంట నడవమంటారు డాక్టరు గారు. బుర్ఖాలో గ్రౌండుకి వెళ్తే అందరి కళ్ళూ నా మీదే. సందు మొగలో టీ కొట్టు, అక్కడ కుర్రాళ్ళు. మా అత్తేమో ‘పొద్దున లేస్తే ఇంట్లో తిరుగుతూనే ఉంటావు, ఇంకేం నడక’ అంటారు. మా ఆయన వద్దనరు, తోడు రమ్మంటే రారు. నాదే బద్ధకమా? – ఎస్., కడప

జవాబు: ఆ బద్ధకం అన్న మాట ముందు కొట్టేయండి. తెల్లారకముందే లేచి ఇంటిల్లిపాదికీ క్యారియర్లు కట్టే మనిషికి ఆ పేరెలా పెడతాం? 2019 జాతీయ సమయ వినియోగ సర్వే లెక్క చూడండి. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. మీ ముప్పావుగంట ఎటు పోయిందో ఈ రెండంకెల మధ్య వెతకండి.

అత్తగారి మాటలో సగం నిజముంది. మీరు తిరుగుతూనే ఉన్నారు. కానీ వంటింటి నుంచి పెరట్లోకి, పెరట్లోంచి వంటింట్లోకి తిరిగితే కాళ్ళు లాగుతాయి గానీ గుండె వేగం అంతగా పెరగదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ మాత్రం ఆయాసం వచ్చేలా వారానికి 150 నిమిషాలు నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముప్పావుగంట ఒక్కసారే దొరక్కపోతే అన్నం తిన్నాక పావుగంట చొప్పున మూడు పూటలా మిద్దె మీద నడవండి. తిన్న వెంటనే నడిస్తే షుగర్ అంతగా ఎగబాకదు.

ఇక బుర్ఖా. అదే అడ్డమని తీర్పు చెప్పేవాళ్ళు మీకు చాలామంది ఎదురవుతారు. 2022 నాటి అంచనా ప్రకారం మన దేశంలో ఒంటికి చాలినంత కదలిక లేని ఆడవాళ్ళు 57 శాతం, మగవాళ్ళు 42 శాతం. ఆ ఆడవాళ్ళంతా బుర్ఖాలో లేరు కదా! మీకున్న అదనపు చిక్కు వేరు. మొహల్లాలో అందరూ మిమ్మల్ని ఎరుగుదురు కాబట్టి మాట పడాలి. మొహల్లా దాటితే ఎవరూ ఎరగరు కాబట్టి చూపు పడాలి. పైగా ఇరుకు సందులు, దరిదాపుల్లో పార్కు లేదు. చోటు లేని మనిషికి ‘నడువు’ అని చెప్పడం తేలికే.

అందుకే నేనెప్పుడూ చెప్పే మాట ఇంకోసారి చెబుతాను: ఒక్కరే వెళ్ళకండి, ముగ్గురు వెళ్ళండి. ఒక్క బుర్ఖా నడుస్తుంటే వింతగా చూసినవాళ్ళు ముగ్గురు కలిసి నడుస్తుంటే దారిస్తారు. వీధికుక్కల భయమూ తగ్గుతుంది. అమెరికాలో నల్లజాతి, లాటినా, మూలవాసి స్త్రీలను అడిగిన సర్వేల్లోనూ ఇలాంటిదే తేలింది. తెలిసినవాళ్ళెవరైనా వ్యాయామం చేస్తూ కనబడితే వీళ్ళూ కదిలారు. మీ తోటికోడలినో, ఎదురింటావిడనో కలుపుకోండి. తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక సందులు ఖాళీ, టీ కొట్టు ఇంకా తెరవరు, ఎండా ఉండదు.

చోటు మాత్రం అడిగి తీసుకోవాలి. పెళ్ళి లేని రోజుల్లో షాదీఖానాకి తాళం వేసే ఉంటుంది. పొద్దున గంటసేపు ఆడవాళ్ళకి తెరవమని కమిటీ పెద్దల్ని నలుగురు కలిసి అడగండి. ‘మసీదువాళ్ళు ఒప్పుకోరు’ అని ముందే అనుకోకండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మస్జిద్-ఎ-ముస్తఫాలోనే 2021లో ఆడవాళ్ళకి జిమ్ పెట్టారు. మీ ఆయన్ని తోడు రమ్మని బతిమాలకండి. ఆ ముప్పావుగంట పిల్లల క్యారియర్లు కట్టమనండి, అదే పెద్ద సాయం.

ప్రశ్న: మా ఆవిడ బట్టలు చేత్తోనే ఉతుకుతుంది. వేరే వ్యాయామం అవసరమా? – ఒక భర్త, నంద్యాల

జవాబు: అవసరమే, ఆ బకెట్టు రేపు మీరు అందుకోండి, ఆవిడ నడిచొస్తారు.

ప్రశ్న: అమ్మ విజయవాడ నుంచి ఆర్నెల్లకి మా దగ్గరికి వచ్చింది. చీర మీద జాకెట్, కాళ్ళకి స్పోర్ట్స్ షూ వేసుకుని నడుస్తుంటే ఎవరో కారు ఆపి ‘దారి తప్పారా’ అని అడిగారట. అప్పటి నుంచి గడప దాటదు. – వి., డాలస్

జవాబు: విజయవాడలో ఆవిడ పదిమందిలో ఒకరు, అక్కడ వీధి మొత్తానికి ఒక్కరు. పైన కడప చెల్లెలి ఉత్తరం అమ్మకి చదివి వినిపించండి. ఊళ్ళో ఉన్నప్పుడు బుర్ఖాలో నడిచే ఆవిణ్ణి మనమెలా చూశామో కూడా తల్లీకూతుళ్ళు మాట్లాడుకోండి.

చేయాల్సిన పని: మీ కాలనీలో ఇలా వచ్చిన తెలుగు అమ్మలు ఇంకా ఉంటారు, వాళ్ళని కలపండి. మొదటి వారం మీరూ వెంట నడిచి ఎదురైనవాళ్ళని పలకరించండి, అమ్మ ముఖం వాళ్ళకి అలవాటవుతుంది. చలికాలం మాల్‌కి తీసుకెళ్ళండి, దుకాణాలు తెరవకముందే నడిచేవాళ్ళని రానిచ్చే మాల్స్ అమెరికాలో చాలా ఉన్నాయి. జేబులో ఇంటి అడ్రసు, మీ ఫోన్ నంబరు ఉండాలి. పనిలో పనిగా మీరూ షుగర్ పరీక్ష చేయించుకోండి. మన ఒళ్ళకి తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది. అందుకే ఆసియావాళ్ళకి బీఎంఐ (ఎత్తుకీ బరువుకీ ఉన్న లెక్క) 23 నుంచే పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోంది.

ప్రశ్న: నాకు 16. బాక్సింగ్ నేర్చుకుంటున్నా. నిక్కర్లు వేసుకుంటే సంబంధాలు రావని నానమ్మ మాన్పించమంటోంది. – నిజామాబాద్ అమ్మాయి

జవాబు: మీ ఊరి బాక్సర్ నిఖత్ జరీన్ విషయంలోనూ చుట్టాలు ఇలాగే అన్నారు, వాళ్ళ నాన్న మాత్రం కూతురి పక్షాన నిలబడ్డారు. ఆ అమ్మాయి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది, తెలంగాణ పోలీసులో డీఎస్పీ ఉద్యోగమూ వచ్చింది. నానమ్మతో వాదన పెట్టుకోకు. మీ నాన్నని ఒకసారి ప్రాక్టీసుకి తీసుకెళ్ళు.

ప్రశ్న: రంజాన్‌లో నడక మానేయాలా? షుగర్ మాత్రలు వాడుతున్నాను. – ఆర్., గుంటూరు

జవాబు: మానక్కర్లేదు, వేళ మార్చుకోండి. ఇఫ్తార్‌కి ముందు గంటల్లో ఒంటిని శ్రమపెట్టకండి. రాత్రి చేసే తరావీహ్ నమాజునూ వ్యాయామం కిందే జమకట్టమని షుగర్ డాక్టర్లే చెబుతారు. మాత్రల మోతాదు, వేళలు నెల మొదలవకముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. షుగర్ 70 కంటే తగ్గితే ఉపవాసం విరమించాల్సిందే, అందులో మొహమాటం పనికిరాదు.

ప్రశ్న: బుర్ఖా కింద స్పోర్ట్స్ షూ వేస్తే ఎబ్బెట్టుగా ఉండదూ? – పేరు వద్దు, ఆదోని

జవాబు: చెప్పులతో నడిచి షుగర్ పాదానికి పుండు తెచ్చుకోవడం కంటే నయం. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి సైజు సరిగ్గా తెలుస్తుంది. తొడిగే ముందు లోపల రాయేమైనా ఉందేమో చేత్తో తడిమి చూడండి.