గేమ్ తయారీ సులువైంది... ఉద్యోగమే కష్టమైంది!

చెంగిచెర్ల నుంచి ఉప్పల్ వచ్చి మెట్రో ఎక్కితే రైలు మారే పని లేకుండా ఐటీ సంస్థలుండే రాయదుర్గంలో దిగొచ్చు. వీడియో గేమ్ సంస్థ ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) స్టూడియో, క్రికెట్ గేమ్ చేసిన హిట్‌వికెట్ సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అయినా గేమ్ డెవలపర్ కావాలనుకునే ఫ్రెషర్లకు ఇప్పుడు దారి ఇరుకైంది. కారణాలు తెలుసుకుని దిగితే మంచిది.

పోటీ ఎందుకు పెరిగింది?

2024 మొదటి రెండు నెలల్లోనే గేమింగ్ విభాగంలో మైక్రోసాఫ్ట్ 1,900 మందిని, సోనీ సుమారు 900 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. గేమ్ ఇంజిన్ సంస్థ యూనిటీ దాదాపు 1,800 మందిని వదులుకుంది. ఇక్కడ చూస్తే, డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం వాటిని నిషేధిస్తూ దేశమంతటికీ చట్టం తెచ్చింది. దాంతో ఆ ఆటల కంపెనీల్లో పనిచేసినవాళ్లూ ఇప్పుడు ఉద్యోగాల వేటలో ఉన్నారు. అంటే ఫ్రెషర్లు పోటీ పడాల్సింది క్లాస్‌మేట్లతోనే కాదు, అనుభవజ్ఞులతో కూడా.

ఉచితమే, కానీ...

గేమ్ ఇంజిన్ గోడో, త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ పూర్తిగా ఉచితం. మరో ఇంజిన్ అన్‌రియల్‌కు గేమ్ ఆదాయం 10 లక్షల డాలర్లు దాటాకే 5 శాతం రాయల్టీ కట్టాలి. పరికరాలు అందరికీ అందడంతో గేమ్‌లూ వెల్లువెత్తాయి. పీసీ గేమ్‌ల స్టోర్ స్టీమ్‌లో 2024 ఒక్క ఏడాదే 18 వేలకు పైగా విడుదలయ్యాయి. గూగుల్ ప్లేలో డెవలపర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. కానీ కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు గేమ్‌ను విడుదల చేసే ముందు కనీసం 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు పరీక్షించాలి.

ఏ పని మీది?

ప్రోగ్రామర్ కావాలంటే యూనిటీకి సీ షార్ప్, అన్‌రియల్‌కు సీ ప్లస్ ప్లస్ నేర్చుకోవాలి. ఇంటర్ ఎంపీసీలో మార్కుల కోసం చదివిన వెక్టార్లు, మాత్రికలు ఇక్కడ రోజూ పనికొస్తాయి. బొమ్మలు వేసే చెయ్యి ఉంటే ఆర్ట్, యానిమేషన్ వైపు వెళ్లొచ్చు. టెస్టింగ్ అంటే సరదాగా ఆడుకోవడం కాదు. ఒకే లెవెల్‌ను పదేపదే ఆడి, తప్పు ఏ పరిస్థితిలో వస్తుందో పట్టుకుని స్పష్టంగా రాయడం.

ఇలా మొదలుపెట్టండి

• మొదటి గేమ్ ఒక్క స్క్రీన్, ఒక్క నియమంతో ఉండాలి. మెనూ, శబ్దం, స్కోరు సహా పూర్తిచేసి గేమ్‌ల వెబ్‌సైట్ ఇచ్.ఐవోలో పెట్టండి. సగంలో ఆపేసిన పది ప్రాజెక్టుల కన్నా ఇదే మీ గురించి ఎక్కువ చెబుతుంది.
• కోడ్‌లో మార్పులను భద్రపరిచే గిట్ వాడండి. తక్కువ సమయంలో గేమ్ తయారుచేసే, జనవరిలో జరిగే గ్లోబల్ గేమ్ జామ్‌లో పాల్గొంటే జట్టుగా పనిచేయడం అలవాటవుతుంది.
• కోచింగ్ సెంటర్‌లో ఫీజు కట్టేముందు పాత విద్యార్థులు చేసిన గేమ్‌లు చూపించమనండి. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అన్నంత మాత్రాన నమ్మొద్దు.
• డిగ్రీ మానకండి. త్రీడీ, ప్రోగ్రామింగ్ నైపుణ్యాలు సిమ్యులేషన్, ఆర్కిటెక్చర్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకూ పనికొస్తాయి. గేమింగ్‌లో అవకాశం వచ్చేదాకా ఇల్లు గడవాలి కదా!