రన్‌సర్వర్ రెండుసార్లు ఎందుకు?

ప్రశ్న: జాంగోలో రన్‌సర్వర్ ఇవ్వగానే మా స్టార్టప్ కోడ్ రెండుసార్లు నడుస్తోంది. తప్పెక్కడ?

జవాబు: తప్పేమీ లేదు.

డెవలప్‌మెంట్ మోడ్‌లో జాంగో తల్లి, పిల్ల అని రెండు ప్రాసెస్‌లు నడుపుతుంది; మీ స్టార్టప్ కోడ్ రెండింటిలోనూ నడుస్తుంది. తల్లి ప్రాసెస్ ఒక్క రిక్వెస్టునూ ముట్టుకోదు. పిల్లలో ఒక థ్రెడ్ 8000 పోర్టులో రిక్వెస్టులు అందుకుంటే, ఇంకోటి మామూలుగా సెకనుకోసారి ఫైళ్లు మారాయా అని చూస్తుంది. మారితే పిల్ల 3 అనే ఎగ్జిట్ కోడ్‌తో ముగుస్తుంది. అది చూసి తల్లి కొత్తదాన్ని లేపుతుంది. మొరటు పద్ధతే, కానీ పాత కోడ్ మెమరీలో మిగలదు. రైల్స్ దారి వేరు: ప్రాసెస్‌ను ఉంచేసి, ఫైళ్లు మారి ఉంటే తర్వాతి రిక్వెస్టుకు ముందు కోడ్‌ను మళ్లీ లోడ్ చేస్తుంది.

ఒక్కసారే నడవాలంటే నోరీలోడ్ ఆప్షన్ ఇస్తే చాలు. అప్పుడు ఫైలు మార్చిన ప్రతిసారీ సర్వర్‌ను చేత్తో ఆపి లేపుకోవాలి.