రాళ్ల క్రింద నీటికి దారి

చదువవలసిన భాగము: మత్తయి సువార్త 13వ అధ్యాయము, విత్తువాని ఉపమానము.



రాతినేలను పడిన విత్తనము మన్ను లోతు లేనందున ఎండిపోయెనని ఈ ఉపమానములో చదువుచున్నాము. మన పల్లెలలో మొక్కకు మరియొక కీడు కలదు. అది నల్లరేగడిలో నిలిచిపోవు నీరు. ఈ నెల పాఠము రేగడి నేలమీద రాళ్లతోట కట్టుటను గూర్చినది.

నాలుగేండ్ల క్రిందట మేము మందిరము ముందర అట్టి తోట కట్టితిమి. రెండడుగుల గొయ్యి త్రవ్వి, రాళ్లు పేర్చి, సందులలో ఆ రేగడినే నింపితిమి. సంఘములోని ఒక వృద్ధురాలు, చనిపోయిన తన కుమార్తె పెంచిన కలబంద పిలకలను తెచ్చి నాటెను. వానలకు ఆ గొయ్యి తొట్టివలె నిండెను. వేళ్లు కుళ్లి పిలకలన్నియు చచ్చెను. ఆమె మమ్మును ఒక్కమాటయు అనలేదు. అందుచేత మాకు మరింత బాధ కలిగెను.

తరువాత మా సంఘపు యువకుడొకనిని చూచుటకు హైదరాబాదు వెళ్లితిమి. తార్నాకలో మెట్రో రైలు దిగి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి నడచితిమి. 1918లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయమిది. 1939లో ప్రారంభింపబడిన దాని ఆర్ట్సు కళాశాల భవనము గ్రానైటు రాతితో కట్టబడినది. ఆ ప్రాంతమంతట గ్రానైటు బండలు నేలలోనుండి లేచియుండును. వాటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఎండకు వానకు అవి చివికి, గరుకైన మొరముగా రాలును. మొరములో నీరు నిలువదు గనుక బండల సందులలో చెట్లు వేళ్లూనుకొనును. వాటిని చూచినప్పుడు మా తప్పు మాకు తెలిసెను. మేము రాళ్లు పేర్చితిమి గాని నీటికి దారి పెట్టలేదు.

రేగడి రేణువులు మిక్కిలి సన్నవి. అవి నీరు త్రాగి ఉబ్బును. ఎండలో కుదించుకొని బీటలు వారును. అందుచేత వానకాలమున నీరు దిగదు, వేసవిలో రాళ్లు కదలును. గుప్పెడు ఇసుక కలిపినంతమాత్రమున ఈ గుణము మారదు. కట్టవలసిన విధమేదనగా:

1. పరీక్ష. అడుగు లోతు గుంట త్రవ్వి నీరు నింపుడి. ఇంకిన తరువాత మరల నింపుడి. మరునాటికిని నీరు నిలిచియున్నయెడల, అక్కడ గొయ్యి త్రవ్వక నేలమీదనే దిబ్బగా కట్టవలెను.

2. పునాది. వేసవిలో నేల పొడిగా నున్నప్పుడు మొదలుపెట్టుడి. నేలను పల్లమువైపునకు వాలుగా చెక్కి, ఇటుక ముక్కలును కంకరయు జానెడు మందము పరచి, పైన మొరము పోయుడి. పల్లపు వైపున చిన్న కాలువ తీయుడి.

3. మన్ను. ఎర్రమన్ను రెండు పాళ్లు, మొరము లేక ముతక ఇసుక రెండు పాళ్లు, బాగుగా చివికిన ఎరువు ఒక పాలు కలుపుడి. ఈ మన్ను అడుగు మందమునకు తగ్గరాదు. తగ్గినయెడల ఉపమానములోని విత్తనమునకు పట్టిన గతియే పట్టును.

4. రాళ్లు. పెద్దవి అడుగున పెట్టుడి. ప్రతి రాతిని మూడవవంతు పాతి, కొంచెము వెనుకకు వాల్చుడి. అప్పుడు వాన వేళ్లవైపునకు పారును. రాతి వెనుక బోలు లేకుండ మన్ను కూరుడి. మనిషి ఎక్కి నిలిచినను రాయి కదలకూడదు. ఇందుకొరకు గుట్టలు పగులగొట్టనక్కరలేదు. పొలములో ఏరినవియు, బావిలో తీసినవియు చాలును.

5. మొక్కలు. తొలకరికి దిబ్బ కొంత క్రుంగును. క్రుంగినచోట మన్ను నింపి, ఆ తరువాతనే నాటుడి. పైన కలబంద, ప్రక్కలను బిళ్లగన్నేరు, నాచుపూలు నాటవచ్చును. ముండ్లుగల కిత్తనారను పిల్లలు నడచు దారిన పెట్టకుడి.

ఈ రీతిగా మేము దిబ్బను మరల కట్టితిమి. ఆ కలబంద పిలక యొకటి ఆ వృద్ధురాలి చెల్లెలి యింట మిగిలియున్నదని తెలిసి, ఆమెయే వెళ్లి తెచ్చి, తన చేతులతో నాటెను. రెండు వానకాలములు గడచినవి. ఇప్పుడది పిలకలు వేయుచున్నది. మందిరమునకు వచ్చువారు రాళ్లను, ఆకులను చూచి సంతోషింతురు. క్రిందనున్న ఇటుక ముక్కలను ఎవరును చూడరు. అయినను మొక్కను నిలిపినవి అవియే.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. మీ పెరటిలో వాన వెలిసిన మరునాడు నీరు ఎక్కడ నిలుచుచున్నది?

2. మన సంఘపు పనిలో పైకి కనబడు రాళ్లేవి? కనబడని పునాది ఏది?